మన చర్చి నీళ్లు ఊరందరికీ

లెస్టర్, ఇంగ్లండ్

పెదనాన్నకి, పెద్దమ్మకి ప్రభువు పేరిట వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. హాస్పిటల్లో ఈ వారం నైట్ డ్యూటీలు అయిపోయాయి.

చర్చి ఆవరణలో వాటర్ ప్లాంట్ పెడుతున్నారని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. మన కనిగిరి వైపు ఊళ్లకి అంతకన్నా పెద్ద అవసరం ఏముంది? బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పిల్లలకి గార పళ్లు, పెద్దవాళ్లకి వంగిపోయిన నడుములు. అవి చూస్తూనే పెరిగాం. కానీ నీళ్లు సంఘస్థులకే ఇవ్వాలని కొందరు, బయటివాళ్లయితే ఆదివారం ఆరాధనకి వచ్చే షరతు మీద ఇవ్వాలని ఇంకొందరు అంటున్నారట. మీరు ఇంకా ఏమీ తేల్చలేదట. కమిటీ కూర్చునేలోపు నా మాట మీ చెవిన వేద్దామని రాస్తున్నాను. ఆ రెండూ వద్దు పెదనాన్నా.

నేను వెళ్లే చర్చి హాల్లో ఫుడ్ బ్యాంక్ నడుస్తుంది. సెలవు దొరికినప్పుడు నేనూ వెళ్లి సామాను సర్దుతాను. ఈ దేశంలో ట్రస్సెల్ అనే సంస్థ 2000లో సాలిస్‌బరీలో ఇలాంటిది మొదలుపెట్టింది, ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. ఇంట్లో తిండికి కటకటగా ఉన్నవాళ్లకి డాక్టరో, స్కూలువాళ్లో ఒక చీటీ రాసిస్తారు. అది తెస్తే మూడు రోజులకి సరిపడా సరుకులు ఇస్తాం. ముందు కూర్చోబెట్టి టీ ఇస్తాం. మీరు ఏ మతం, ఏ చర్చి అని ఎవరూ అడగరు. ప్రార్థన చెయ్యమని వాళ్లంతట వాళ్లు అడిగితే చేస్తాం. చెయ్యి చాచడమే వాళ్లకి ఎంత కష్టంగా ఉంటుందో వాళ్ల ముఖాల్లో చూశాను. దాని మీద ఇంకో షరతు పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇదేదో ఇంగ్లండ్ వాళ్ల పద్ధతి అని కమిటీలో ఎవరైనా అంటే, మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి సంగతి గుర్తుచేయండి. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని ఇచ్చి కూలి ఇచ్చారు. బాప్తిస్మం ఇమ్మని జనం బతిమాలుతున్నా కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లు ఆ 2,222 లెక్కే చెప్పుకుంటారు. అంతకు ముందు ఆయన ఆగిన నెలలే నాకు ఎక్కువ విలువైనవి. ఈరోజుకీ మనల్ని అనుమానంగా చూసేవాళ్లు అడిగేది, కూటి కోసమే మతంలోకి వచ్చారా అనే కదా.

అందుకని క్యాను ధర అందరికీ ఒకటే పెట్టండి. అసలు ఇచ్చుకోలేని ముసలివాళ్లకి ఉచితంగా ఇవ్వండి, వాళ్లు ఏ వీధివాళ్లయినా సరే. కుళాయిలు రోడ్డు వైపు, ప్రహరీ బయటికి ఉండాలి. గేటు దాటి లోపలికి రావడానికి మొహమాటపడేవాళ్లు ఉంటారు. లెక్కల పుస్తకం చూసేవాళ్లలో సంఘంలో లేని మనిషి ఒకరుంటే ఊరికి నమ్మకం కుదురుతుంది.

ఇంకొకటి. ప్లాంటు బయటికి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కన్నా ఎక్కువ ఉంటుంది. వాటిని చెరువులోకి గానీ, గొడ్లు తాగే తొట్లలోకి గానీ పోనివ్వద్దు. శుద్ధి చేసిన నీళ్లని అప్పుడప్పుడు పరీక్షకి పంపించండి. లీటరుకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు. చాలాచోట్ల మొదట్లో బాగానే ఉంటుంది, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చడానికి డబ్బుల్లేక ప్లాంటు మూలపడుతుంది. ఆ ఖర్చుకి ప్రతి నెలా నా కానుక తమ్ముడి ఖాతాలో వేస్తాను. నా పేరు మాత్రం బోర్డు మీద రాయించొద్దు.

పాస్టరు అయ్యగారికి నా వందనాలు చెప్పండి. కమిటీలో ఏం తేలిందో తమ్ముడి చేత ఫోన్ చేయించండి.

మీ అమ్మాయి