ల్యాబ్ మాన్యువళ్లను ఏటా సరిచూడాలి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో నేను పాఠం చెప్పే కళాశాలలో ఎంబెడెడ్ లినక్స్ (చిన్న పరికరాల్లో నడిచే లినక్స్) ల్యాబ్ ఇప్పటికీ సీనియర్లు వదిలివెళ్లిన మాన్యువల్ జెరాక్సు ప్రతుల మీదే నడుస్తోంది. అలాంటి లినక్స్‌ను తయారుచేసే సాధనాలనిచ్చే యోక్టో ప్రాజెక్టు 2021 అక్టోబరులో 3.4 విడుదలతో రెసిపీల్లో, అంటే ప్యాకేజీని ఎలా నిర్మించాలో చెప్పే ఫైళ్లలో, వేరియబుల్ పేరుకు ‘అపెండ్’ లాంటి మాటనో ప్యాకేజీ పేరునో కలిపే అండర్‌స్కోర్ స్థానంలో కోలన్‌ను తెచ్చింది. ఉన్న విలువకు చివర జోడించే ‘అపెండ్’ను పాత పద్ధతిలో రాస్తే, రెసిపీలను అమలుచేసే బిట్‌బేక్ అక్కడికక్కడే ఆగి తప్పు చూపుతుంది, అది కొంత నయం. కానీ ఏ ఫైలు ఏ ప్యాకేజీలోకి వెళ్లాలో చెప్పే ‘ఫైల్స్’ వరుసను పాత ప్రతి చూసి రాస్తే, దాన్ని వేరొక వేరియబుల్‌గా భావించి పట్టించుకోదు. ఇన్‌స్టాల్ అయిన ఫైళ్లు ప్యాకేజీలో చేరలేదన్న ఫిర్యాదు చివర్లో ఎప్పుడో వస్తే, పిల్లలు లోపాన్ని మరెక్కడో వెతుకుతూ పూటలకు పూటలు గడిపేస్తారు.

2024 ఏప్రిల్‌లో వచ్చిన 5.0 విడుదలకు మద్దతు 4 ఏళ్లు, అంటే సరిగ్గా మన బీటెక్ అంత. యోక్టో ప్రాజెక్టు మాన్యువల్ మూలప్రతి గిట్‌లో (ఫైళ్లలో ప్రతి మార్పునూ నమోదుచేసే వ్యవస్థలో) ఉంటుంది, విడుదల విడుదలకూ వేరుగా దొరుకుతుంది, సవరణలను ఎవరైనా ప్యాచ్‌గా (మార్పులు మాత్రమే ఉన్న ఫైలుగా) పంపవచ్చు. కళాశాలలు కూడా తమ మాన్యువల్‌ను గిట్‌లో పెట్టి, మొదటి పేజీలోనే విడుదల సంఖ్య ముద్రించి, సెమిస్టర్‌కు ముందు ప్రతి కమాండునూ కొత్త యంత్రంపై నడిపి చూడాలి. విద్యార్థులు పట్టిన తప్పులకు ఇంటర్నల్ మార్కులు ఇస్తే ఈ పని త్వరగా సాగుతుంది.

— ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, విజయనగరం