వుహాన్ మీద ఎగిరినవాటికి ఎర్ర నక్షత్రం లేదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో చైనా-జపాన్ యుద్ధంలోని 1938 నాటి వుహాన్ గగనయుద్ధాల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. చిక్కల్లా దాని పైన వేసిన రంగుల బొమ్మతోనే. ఏఐతో చేయించినట్టున్నారు. పొట్టి ముక్కు సోవియట్ ఐ-16 ఫైటర్, రెక్కల మీదా తోక మీదా ఎర్రెర్రటి నక్షత్రాలు. రష్యా విమానం కదా, నక్షత్రం ఉండాల్సిందే అనుకుంది కాబోలు యంత్రం. చూసి ఓకే చేసినవారూ అలాగే అనుకున్నట్టున్నారు.

నేను వైమానిక దళంలో గ్రౌండ్ స్టాఫ్‌గా చాలా ఏళ్లు మిగ్-21ల మీద పనిచేశాను. రెక్క మీది గుర్తు కాస్త పక్కకు జరిగినా గీకించి మళ్లీ వేయించేవారు మా సార్జెంటు. ఆ అలవాటు పోలేదు, అందుకే ఈ ఉత్తరం.

చైనా, సోవియట్ యూనియన్ ఒకరి మీద ఒకరు దాడి చేయబోమని 1937 ఆగస్టు 21న ఒప్పందం చేసుకున్నాయి. ఆ వెంటనే సోవియట్ నగరం అల్మా-అటా నుంచి చైనాలోని హామీ మీదుగా లాన్‌జౌకి సోవియట్ విమానాలు రావడం మొదలైంది. నాలుగేళ్లలో తొమ్మిది వందలకు పైగా వచ్చాయి. ఊరికే రాలేదు, అప్పు మీద వచ్చాయి. ఆ అప్పును చైనా టంగ్‌స్టన్, టీ, ఉన్ని పంపి తీర్చింది. జపాన్‌తో మాకు యుద్ధమే లేదని మాస్కో పైకి చెప్పేది, పైలట్లను మాత్రం 'వాలంటీర్లు' అని పంపేది. అలాంటప్పుడు ఎర్ర నక్షత్రం ఎలా వేస్తారు?

వేసింది చైనా గుర్తు. నీలం వృత్తంలో పన్నెండు కిరణాల తెల్ల సూర్యుడు రెక్కల మీద, విమానం పక్కభాగాన తెల్ల అంకెలు, చాలావాటికి తోక చుక్కానికి నీలం, తెలుపు అడ్డచారలు. పైన ముదురు ఆకుపచ్చ, కింద లేత బూడిద నీలం మాత్రం సోవియట్ రంగులే. పాత నలుపు-తెలుపు ఫొటోను భూతద్దంతో చూసినా మధ్యలో తెల్లటి సూర్యుడు కనిపిస్తాడు. 1938 ఫిబ్రవరి 23న సోవియట్ అధికారి పోలినిన్ నాయకత్వంలో తైవాన్‌లోని జపాన్ విమానాశ్రయం మీద బాంబులు వేసిన 28 ఎస్‌బీ బాంబర్లూ ఈ సూర్యుడితోనే వెళ్లాయి. నడిపింది మాత్రం సోవియట్ పైలట్లు.

చైనా పైలట్ ఎక్కినా, సోవియట్ పైలట్ ఎక్కినా విమానం మీద గుర్తు ఒకటే. అదే వుహాన్ మీద ఏప్రిల్ 29న చెన్ హువాయ్‌మిన్ అనే చైనా కుర్ర పైలట్ తన ఐ-15బిస్ (ఇదీ సోవియట్ ఫైటరే)తో జపాన్ విమానాన్ని ఢీకొట్టి చనిపోయాడు. మీరు నక్షత్రం అద్దితే ఆ అబ్బాయి ఎవరి విమానంలో చనిపోయినట్టు?

బొమ్మలో ఇంకో తమాషా, విమానం నేలను వదిలిందో లేదో, చక్రాలు అప్పుడే లోపలికి వెళ్లిపోయాయి. ఐ-16కి అంత సుఖం లేదండీ. పైలట్ కుడిచేత్తో హ్యాండిల్‌ను 44 సార్లు తిప్పాలి, ఎడమచేత్తో కంట్రోల్ స్టిక్ పట్టుకుని. ఆ కాసేపూ విమానం ఊగుతూనే ఉండేది.

సవరణ వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో వేయండి. బొమ్మ బదులు నలుపు-తెలుపు ఫొటో ఉన్నదున్నట్టుగా వేస్తే మరీ సంతోషం.

ఇట్లు,
వైమానిక దళ మాజీ ఉద్యోగి,
విశాఖపట్నం