యంత్రం ఇచ్చే హెచ్చరికను కాదనే అధికారం నర్సుకు ఉంటుందా?

సంపాదకుడు గారికి,

ఆసుపత్రుల్లో కృత్రిమ మేధ వాడకం గురించి డాక్టర్లు మాట్లాడుతున్నారు, కంపెనీలు మాట్లాడుతున్నాయి. రాత్రీపగలూ రోగి మంచం దగ్గర ఉండే నర్సుల మాట మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. పైగా, ఉద్యోగాలు పోతాయన్న భయంతోనే నర్సులు దీన్ని వద్దంటున్నారని తేల్చేసేవారు చాలామంది. గోదావరి జిల్లాల ఆసుపత్రుల్లో పనిచేసి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసిన నేను ఆ మాటతో ఏకీభవించలేను. కేస్ షీట్లు నింపడం, డ్యూటీ మారేటప్పుడు అప్పగింత వివరాలు రాయడం వంటి పనులు యంత్రం చేసిపెడతానంటే ఏ సిస్టరూ కాదనదు. క్షయ అనుమానితుల ఛాతీ ఎక్స్‌రేలను కంప్యూటర్‌తో చదివించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సిఫారసు చేసింది. దానితోనూ మాకు పేచీ లేదు.

రోగి పరిస్థితి విషమిస్తోందో లేదో యంత్రమే తేల్చే చోట పేచీ వస్తుంది. అమెరికా ఆసుపత్రుల్లో విరివిగా వాడుతున్న ఒక సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చే స్థితి) హెచ్చరిక వ్యవస్థను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవారిలో 67 శాతం మందిని అది పట్టుకోలేకపోయింది. అలాగని ఊరుకుందా అంటే, ఆసుపత్రిలో చేరినవారిలో 18 శాతం మంది విషయంలో హెచ్చరికలు మోగించింది. మోగినప్పుడల్లా చేతిలో పని వదిలి పరుగెత్తాల్సింది నర్సే. 2024 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సులు రోడ్డెక్కి, కృత్రిమ మేధ వాడకంలో తగిన రక్షణలు కావాలని అడిగారంటే అందులో వింతేముంది?

మన వార్డుల సంగతి చూడండి. నాట్లు వేస్తూ వేస్తూ నీరసించి పడిపోయిన కూలీని ఆటోలో తెస్తే, నీళ్లలో నాని చల్లబడిన ఆమె వేలికి పెట్టిన, రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్ ఒక్కోసారి తప్పుడు అంకె చూపిస్తుంది. అనుభవమున్న సిస్టర్ ఆ చేతిని తుడిచి, కాసేపు రుద్ది వెచ్చబరిచి, మరో వేలికి పెట్టి చూసి గానీ కేస్ షీట్‌లో రాయదు. నేరుగా మానిటర్ నుంచే అంకెలు తీసుకునే యంత్రానికి ఈ సంగతి తెలియదు. ఇక మన కోనసీమ పెద్దాయన కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ కూడా, ఎలా ఉందని అడిగితే మర్యాదకి “బానే ఉందండి” అంటారు. ఆ జవాబు కంప్యూటర్‌లోకి ఎక్కితే నొప్పి లేనట్టే లెక్క. నిన్నటిదాకా పక్క మంచాలవాళ్లందరితో కబుర్లాడిన మనిషి ఇవాళ గోడవైపు తిరిగి పడుకుంటే, బీపీ సరిగ్గా ఉన్నా సరే, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేయించేది నర్సు అనుభవమే.

రేపు యంత్రం చెప్పినదాన్ని పక్కనపెట్టినందుకు రోగికి ఏమైనా జరిగితే సంజాయిషీ నర్సునే అడుగుతారు. యంత్రాన్ని నమ్మినందుకు ఏమైనా జరిగినా అడిగేది ఆమెనే. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు మనుషుల పర్యవేక్షణ గురించీ, జవాబుదారీతనం గురించీ చెప్పాయి. అయితే అర్ధరాత్రి వార్డంతటికీ ఒక్కతే ఉన్న స్టాఫ్ నర్సుకు ఆ మాటలు కొమ్ముకాయాలంటే అవి ఆసుపత్రి ఉత్తర్వుగా రావాలి. సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అని ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా వదిలేస్తారేమోనన్న అనుమానం కూడా మాకు ఊరికే పుట్టలేదు.

కాబట్టి రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులతో సహా ఎక్కడ ఇలాంటి వ్యవస్థను కొనదలచినా, కొనుగోలు కమిటీలో వార్డులో పనిచేసే నర్సును సభ్యురాలిగా చేర్చుకోవాలని, మన రోగుల మీద దాని పనితీరును ముందుగా పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలని, కారణం నమోదు చేసి హెచ్చరికను తోసిపుచ్చిన నర్సుపై ఆ ఒక్క కారణంతో చర్య తీసుకోరాదని ఆరోగ్యశాఖ రాతపూర్వకంగా ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత హెడ్ నర్సు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా