ప్రోనోటు మీద బొటనవేలు

అమ్మలూ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "శ్రీకాకుళం గిరిజన పోరాటం నక్సల్బరీ నుంచి దిగుమతి అయిందట, నిజమేనా నాన్నా" అని. నక్సల్బరీ అంటే పశ్చిమ బెంగాల్లో రైతులు తిరగబడ్డ ఊరు. కాదన్నాను. ఎందుకు కాదో చెప్పేలోపు నీ బస్సొచ్చేసింది.

మా తాత, అంటే నీకు ముత్తాత, పార్వతీపురం వైపు ఒక షావుకారు దగ్గర గుమస్తా. ఆయన పని ప్రోనోట్లు రాయడం. కొండ దిగొచ్చిన సవర గిరిజనుడు తీసుకెళ్లేది తిండిగింజలు, నోటు మీద పడేది రూపాయలు. మూడేళ్లు దాటితే నోటు కోర్టులో చెల్లదు. అందుకని గడువు తీరకముందే వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాసేవారు. వేలిముద్ర వేసి, బొటనవేలికి అంటిన సిరా తలకి తుడుచుకుని, దండం పెట్టి మరీ వెళ్లేవాడట ఆ మనిషి. ఈ దండం దగ్గరికొచ్చేసరికి తాత నా మొహంలోకి చూసేవాడు కాదు. అలా తిరగరాసి తిరగరాసి చివరికి భూమి రాయించుకునేవారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి అనుమతి లేకుండా బయటివాళ్ల చేతికి పోకూడదని 1917లోనే చట్టం ఉంది. "చట్టం మద్రాసులో ఉండేది, మేం కొండ కింద ఉండేవాళ్లం" అనేవాడు తాత.

ఇదీ మొదలు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. వాళ్లు కట్టిన గిరిజన సంఘం అడిగినవి చూడు: కంబారికి, అంటే పాలేరుకి, జీతం పెంచాలి, వెట్టి పోవాలి, పోడు చేసుకోనివ్వాలి, లాక్కున్న భూమి తిరిగివ్వాలి. ఇందులో తుపాకీ ఎక్కడుంది? నక్సల్బరీలో కాల్పులు జరిగింది 1967 మేలో. అప్పటికే ఇక్కడ సంఘం ఏళ్ల తరబడి పనిచేస్తోంది.

అదే ఏడాది అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల్ని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు కోర్టుకెళ్లింది, ముద్దాయిలు బయటికొచ్చారు. దిగుమతి అంటూ ఏదైనా జరిగితే ఆ తర్వాతే జరిగింది. నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ చెప్పిన సాయుధ పోరాటం మాట అప్పుడే ఇక్కడివాళ్ల చెవికెక్కింది.

1968 నవంబరు 25న పెదగొట్టిలిలో సుమారు 250 మంది గిరిజనులు ఒక షావుకారు ఇంటిమీద పడ్డారు. ధాన్యంతో పాటు ప్రోనోట్లూ పట్టుకుపోయారు. నాకు ఆ రెండోదే పెద్ద సంగతి. ఆకలి తీర్చుకోడానికి వచ్చినవాడికి కాగితాలతో ఏం పని చెప్పు?

1969 ఏప్రిల్లో నక్సలైట్ల పార్టీ సీపీఐ (ఎంఎల్) పుట్టేసరికి లక్ష్యమే మారింది. కూలీ, పోడు వెనక్కిపోయి రాజ్యాధికారం ముందుకొచ్చింది. వర్గశత్రు నిర్మూలన అన్నారు, అంటే భూస్వాముల్నీ షావుకార్లనీ చంపడం. ఇక్కడే నేను వాళ్లతో విడిపోతాను. వేలమంది కలిసి అడిగిన పనిని రాత్రిపూట నలుగురు చేసే పనిగా మార్చేశారు. సంఘం చెదిరింది, పోలీసులు కొండల్ని చుట్టేశారు. ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకు వాయిస్తూ జముకుల కథ చెబితే జనం కదలకుండా కూర్చునేవారట. ఆయన్ని 1969 డిసెంబరులో చంపేశారు. 1970 జూలై 10న సత్యం, కైలాసం పోయారు. ఎన్‌కౌంటర్ అని పోలీసులన్నారు, పట్టుకుని కాల్చారని మావైపు అందరూ అంటారు.

ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదన్న 1/70 చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. సంఘం మొదట్లో అడిగిన మాటే కదా అది. అది ఎవరి వల్ల వచ్చిందన్న దగ్గర మాత్రం మీ బడి మేష్టారికీ నాకూ మాట కలవదు.

పెదగొట్టిలి కబురు తెలిసిన రాత్రి తాత పనిచేసే షావుకారు నోట్ల పెట్టె బండెక్కించి పట్నం పంపేశాడు. అందులో చేరనిది ఒక్కటి తాత చొక్కా జేబులో ఉండిపోయింది. అది ఇప్పుడు మన ఇనప్పెట్టెలో ఉంది. సెలవులకొచ్చినప్పుడు చూపిస్తాను. తాత రాత చక్కగా గుండ్రంగా ఉంటుంది, కింద వేలిముద్ర కాస్త చెదిరింది.

మీ నాన్న