నాయన తరఫున, మా పేట తరఫున కృతజ్ఞతలు

పని వల్ల పట్టుకున్న ఊపిరితిత్తుల జబ్బుకు నాయనకు రావాల్సిన నష్టపరిహారం పోయిన వారం ఖాతాలో పడింది. ఇది ఎవరి చలవ వల్ల జరిగిందో నలుగురికీ తెలియాలని రాస్తున్నాను. మాకు అండగా నిలబడిన సంస్థ పేరు రాయొద్దని వాళ్లే అన్నారు. ఇంకా నడుస్తున్న కేసులు ఉన్నాయి, సాక్షులకు ఇబ్బంది రాకూడదని వాళ్ల ఆలోచన. తాడిపత్రిలో, అనంతపురంలో వాళ్లను ఎరిగినవాళ్లకు నేను ఎవరి గురించి రాస్తున్నానో తెలిసిపోతుంది.

నాయన పెళ్లికి ముందు నుంచీ బండల పనిలోనే ఉన్నాడు. మొదట నాపరాళ్లు, తర్వాత గ్రానైట్ ఫ్యాక్టరీ. పెద్ద కటింగ్ మెషీన్ మీద నీళ్లు పడుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ దుమ్ము అంతగా లేవదు. నాయనది అంచుల పని. చేతి గ్రైండర్ పట్టుకుని పొడిగానే అరగదీయాలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పొద్దుగూకేదాకా అదే. దగ్గు ముదిరి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే స్థితిలో ఆస్పత్రికి పోతే టీబీ అన్నారు. తెమడ పరీక్షలో క్రిమి కనబడలేదు. అయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయని ఆరు నెలల కోర్సు పెట్టారు. అది అయిపోయాక ఇంకో చోట మళ్లీ అదే కోర్సు. మనిషి చిక్కిపోతున్నాడు, దగ్గు మాత్రం తగ్గదు. చుట్టాల ఇళ్లలో నాయనకు గ్లాసు వేరుగా పెట్టడం మొదలైంది. అమ్మకు జబ్బు కంటే ఆ గ్లాసే ఎక్కువ బాధ.

ఈ సంస్థ వాళ్లు ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు పెద్దమ్మ పోరు పడలేక వెళ్లాడు. అక్కడి నర్సక్క ఎక్స్‌రే చేతిలోకి తీసుకోకముందే "ఏం పని చేస్తావన్నా?" అని అడిగింది. అంతదాకా మేం తిరిగిన ఏ ఆస్పత్రిలోనూ ఎవరూ ఆ మాట అడగలేదు. ఎన్నేళ్లుగా చేస్తున్నావు, నీళ్లు పోసి చేస్తారా పొడిగానా, షెడ్డుకు కిటికీలు ఉన్నాయా, అన్నీ అడిగి రాసుకుంది. చివర్లో "సాయంత్రం తువ్వాలు పిండితే నీళ్లు ఎట్లా వస్తాయి?" అంది. "సున్నం నీళ్ల మాదిరి వస్తాయమ్మా" అన్నాడు నాయన. "తువ్వాలులో ఆగింది ఆ మందపు దుమ్మన్నా. కంటికి ఆనని సన్నటిది లోపలికి పోయింటుంది" అని, వాళ్ల డాక్టరుగారి చేత ఎక్స్‌రే మళ్లీ తీయించి చదివించింది. టీబీ పరీక్ష కూడా మెషీన్ మీద మళ్లీ చేయించారు. టీబీ లేదు. అది సిలికోసిస్.

గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఎక్కువ. క్వార్ట్జ్ అంటే సిలికాయే. ఆ సన్నని పొడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడిన మచ్చలు కడుతుంది. వాటిని కరిగించే మందు లేదు. దుమ్ముకు దూరంగా ఉండటం, ఆయాసానికి మందులు వాడటం, ఇలాంటి వాళ్లకు టీబీ వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి ఎప్పటికప్పుడు పరీక్ష చేయించుకోవడం, అంతే చేయగలిగింది. ఇదంతా దాచకుండా నాయనకే చెప్పారు. నర్సక్క మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఇరుగుపొరుగును పిలిచి, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని విడమరిచి చెప్పింది. ఆ సాయంత్రానికి అమ్మ రుణపడి ఉంది, నేనూ రుణపడి ఉన్నాను.

తర్వాత లాయరన్న వచ్చాడు. సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, అంటే తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో, ఉన్న జబ్బని, డాక్టరు గుర్తించిన వెంటనే ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయాల్సిందేనని అప్పుడే మాకు తెలిసింది. పని వల్ల వచ్చిన ఇలాంటి జబ్బును 1923 నాటి నష్టపరిహార చట్టం ప్రమాదం కిందే లెక్కేసేది. అయితే ముందు నాయన అక్కడ పనిచేశాడని రుజువు కావాలి. యజమాని అసలు ఆ మనిషే తెలీదన్నాడు. జీతం చీటీ లేదు, గుర్తింపు కార్డు లేదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా, ఉండాల్సింది. పుస్తకాల్లో పదికి తక్కువే చూపించారు కాబట్టి అదీ లేదు.

లాయరన్న మా ఇంట్లో కింద కూర్చుని కాగితాల సంచి మొత్తం గుమ్మరించాడు. ఫోన్‌పేలో మేనేజరు వేసిన డబ్బులు, అడ్వాన్సు రాసిచ్చిన చీటీ దొరికాయి. అన్నిటికంటే గట్టి ఆధారం ఒక ఆయుధపూజ ఫోటో. బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసిన గ్రైండర్ల వెనక నాయన, పక్కన నిమ్మకాయ చేతిలో పట్టుకుని మామ, వెనక గోడ మీద ఫ్యాక్టరీ పేరు. మామ అంటే నాయనతో ఒకే షెడ్డులో పనిచేసినాయన. వాళ్లు ముస్లింలు, మేం హిందువులం. చిన్నప్పటి నుంచీ ఆయన నాకు మామే. ఏటా పీర్ల పండక్కి గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి రెండిళ్ల వాళ్లం ఒకే ఆటోలో పోయేవాళ్లం. సాక్ష్యం చెప్తానని మామ మాటిచ్చాడు.

అంతలో నిమజ్జనం రోజు మా పేటలో గొడవ. డీజే శబ్దం దగ్గర మొదలైన మాటామాటా రాళ్ల దాకా పోయింది. ఆ రాత్రి ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. చూసినవాళ్లెవరికీ నిద్ర లేదు, ఒకటే టెన్షన్. తెల్లారేసరికి రెండు వైపులా కుర్రాళ్ల మీద కేసులు. కొన్ని ఫ్యాక్టరీల్లో "గొడవ సద్దుమణిగాక రండి" అని ఒక వర్గం వాళ్లను పనిలోకి రానివ్వలేదు. మామను వాళ్ల వాళ్లే "వాళ్ల కోసం నువ్వు ఆఫీసుల చుట్టూ తిరగాల్నా" అని నిలదీశారు. మా వైపు వాళ్లు కూడా ఆ సాక్ష్యం మనకెందుకు అన్నారు.

నా మటుకు ఈ సంస్థ చేసిన పనుల్లో ఇదే అన్నిటికంటే కష్టమైంది. వాళ్లలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. ఆ వీడియో వేరే రాష్ట్రంలో ఎప్పుడో జరిగినదని రుజువుతో సహా కనిపెట్టి, అది ఏ గ్రూపుల్లో తిరిగిందో అదే గ్రూపుల్లో పెట్టించారు. ఇటు పెద్దల్ని, అటు పెద్దల్ని వెంటబెట్టుకుని స్టేషనుకు పోయి శాంతి కమిటీ కూర్చోబెట్టమని అడిగారు. మాస్టారు అక్కడ మతసామరస్యం మీద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఎవరి ఆటో అద్దం పగిలింది, ఎవరికి పని పోయింది, రేపు ఎవరి ఇంట్లో బియ్యం లేవు, ఇవే అడిగారు. అద్దాలకు రెండు వైపులా చందా పోగైంది. రెండు వైపుల కుర్రాళ్లకూ లాయరన్నే బెయిలు అర్జీలు వేశాడు. ఇందుకు రెండు వైపులా ఆయన్ని తిట్టినవాళ్లున్నారు, అది నేను చెవులారా విన్నాను. ఫ్యాక్టరీల వాళ్లతో మాట్లాడి ఆపేసినవాళ్లను తిరిగి పనిలో పెట్టించడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

మామ వచ్చాడు. అనంతపురం లేబర్ ఆఫీసులో అవతలి లాయరు ఎంత గుచ్చి అడిగినా ఒకటే చెప్పాడు: "ఆయన దింపిన గ్రైండర్ నేను ఎత్తుకునేవాణ్ణి సార్. ఆయన పనిచేయలేదంటే నేనూ చేయనట్టే."

వచ్చిన డబ్బు గురించి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ఎంత సంపాదించినా మా కేసులో లెక్కకు నెలకు 15,000 దాకానే తీసుకున్నారు. పూర్తిగా పని చేయలేని స్థితి అయితే అందులో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే అంకెతో హెచ్చిస్తారు. వయసు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గిపోతుంది. ఇన్నేళ్లు దుమ్ము మింగిన మనిషికి తక్కువ రావడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా అప్పులు తీరాయి, ఆక్సిజన్ మెషీన్ మా సొంతమైంది.

నర్సక్కకు, లాయరన్నకు, మాస్టారికి, ఫైళ్లు మోసిన చెల్లెళ్లకు మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి దండం పెడుతున్నాం. వాళ్లు మా దగ్గర పైసా తీసుకోలేదు. మామకు, అత్తకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

తాడిపత్రిలో, బేతంచెర్లలో, క్వారీల దగ్గర ఎవరింట్లోనైనా తగ్గని దగ్గు ఉంటే డాక్టరు అడక్కపోయినా చేసే పని మీరే చెప్పండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి. ఫ్యాక్టరీలో దిగిన ఫోటో ఒక్కటైనా దాచుకోండి. మా కేసులో పని మానేసిన నాటి నుంచి రెండేళ్లలోపు అర్జీ పెట్టాల్సి వచ్చింది, కాబట్టి ఆలస్యం చేయకండి.

మామ ఎక్స్‌రేలోనూ అవే మచ్చలు కనబడ్డాయి. ఆయన అర్జీ వచ్చే నెల విచారణకు వస్తుంది. ఈసారి సాక్షి నాయన. అనంతపురం దాకా కూర్చుని రాగలడో లేడోనని లాయరన్న అడిగితే, మెషీన్ కారులో పెట్టుకునైనా వస్తానన్నాడు.