మాస్టర్ చీఫ్‌కూ అదే 5,200 ఎందుకు? రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ రక్షణ శాఖ మంత్రి గారికి, నమస్కారాలు.

మూల వేతనానికి తోడు సైనికులకు నెలనెలా ఇచ్చే సైనిక సేవా వేతనం మీద మేం పెట్టిన అర్జీలకు అందినట్టు రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

నౌకాదళంలో కింది మెట్టున ఉండే సీమన్‌కు ఈ పద్దు కింద నెలకు 5,200 రూపాయలు. లీడింగ్ సీమన్‌కు 5,200. పెట్టీ ఆఫీసర్‌కు, చీఫ్ (చీఫ్ పెట్టీ ఆఫీసర్)కు, చివరికి నావికుల్లో పై మెట్టయిన మాస్టర్ చీఫ్ ఫస్ట్ క్లాస్‌కు కూడా అదే 5,200. కొత్తగా వచ్చిన అధికారి సబ్ లెఫ్టినెంట్‌కు 15,500, నర్సింగ్ ఆఫీసర్‌కు 10,800. వారికెందుకు ఇచ్చారని మేం అడగడం లేదండీ. మూల వేతనంలో చీఫ్‌ను లెవెల్ 6లో 35,400 దగ్గర, మాస్టర్ చీఫ్ ఫస్ట్ క్లాస్‌ను లెవెల్ 8లో 47,600 దగ్గర మొదలుపెట్టారు. అక్కడ కనిపించిన మెట్లు ఇక్కడెందుకు కనిపించలేదు?

ఓడలో చీఫ్ పనేమిటో ఇంజన్ రూమ్‌లో చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఓడ బయటికి వెళ్లే చోట నీరు లోపలికి రాకుండా ప్యాకింగ్ వేసే స్టెర్న్ గ్లాండ్ ఉన్న ఓడలో, షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ గ్లాండ్ నుంచి నీరు చుక్కచుక్కగా పడుతుండాలి. చుక్క ఆగితే ప్యాకింగ్ ఎండి వేడెక్కుతుంది, షాఫ్ట్ గీసుకుపోతుంది. ధార కడితే ఓడ అడుగు భాగమైన బిల్జ్ నిండుతుంది. నట్లు రెండు పక్కలా సమంగా, కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక పక్కే లాగితే గ్లాండ్ వంకర పడుతుంది. ఇంజన్‌కు వేసే లూబ్ ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీళ్లు కలిశాయి. వేళ్ల మధ్య రుద్దితే గరుగ్గా తగిలిందంటే ఎక్కడో బేరింగ్ అరుగుతోంది. అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా నడిచే వాచ్ (కాపలా డ్యూటీ)లో కుర్రాడు లేపితే దిగొచ్చి, చెయ్యి పెట్టి చూసి, ఇంజన్ తగ్గించాలో నడిపించాలో తేల్చి చెప్పేది చీఫే. తేడా వస్తే ముందు సంజాయిషీ చెప్పుకునేదీ ఆయనే. ఆ బాధ్యతకూ, వాచ్ నేర్చుకుంటున్న కుర్రాడి బాధ్యతకూ ఒకటే లెక్క కట్టారు.

జేసీవోలకూ (సైన్యంలో జవాన్లకు పైన, అధికారులకు కింద ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), చీఫ్ లాంటి వారితో సమానమైన నేవీ, ఎయిర్‌ఫోర్స్ హోదాలకూ ఈ సేవా వేతనాన్ని 10,000 చేయమన్న ప్రతిపాదనను 2018 డిసెంబరులో ఆర్థిక శాఖ తోసిపుచ్చింది. అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాం, ఇప్పుడూ అడుగుతున్నాం.

ఇది జీతంతో ఆగే నష్టం కాదు. సేవా వేతనం మీద డీఏ వస్తుంది, పెన్షన్ లెక్కలోకీ అదే వెళ్తుంది. చివరి వేతనంలో సగం పెన్షన్ కాబట్టి 5,200కు దక్కేది 2,600. 10,000 అయి ఉంటే 5,000. నెలకు 2,400 తేడా, దానిపై పెన్షనర్లకు ఇచ్చే కరువు భృతి డీఆర్ అదనం. సాధారణ ఫ్యామిలీ పెన్షన్ 30 శాతమే కనుక భర్త పోయాక ఆ ఇల్లాలి చేతికి ఈ పద్దు కింద వచ్చేది 1,560. చీఫ్‌ను 52కే ఇంటికి పంపుతారు. సివిల్ ఉద్యోగి 60 దాకా జీతం తీసుకుంటాడు. ఈ పెన్షన్ మీద ఎన్నేళ్లు బతకాలో తమరే చూడండి.

2025లో ఏర్పాటైన ఎనిమిదో వేతన సంఘం ముందు ఈ మాట పెట్టే అవకాశం మీ చేతిలో ఉంది. చీఫ్, మాస్టర్ చీఫ్ హోదాలకు సేవా వేతనంలో వేరే వరుస కావాలని మీ శాఖ తరఫున రాతపూర్వకంగా అడగండి. 10,000 అన్నది ఎనిమిదేళ్ల కిందటి అంకె, ఇప్పటి ధరలకు తగ్గట్టు లెక్క వేయించండి. ఇప్పటికే రిటైరైన వారికీ వర్తింపజేయండి. కుదరదనుకుంటే ఎందుకు కుదరదో ఈసారైనా రాసి పంపించండి. రసీదు మాత్రం వద్దు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి, విశ్రాంత నావికుల తరఫున