గుల్‌మార్గ్ రోప్‌వే గురించి నేను తప్పుగా ఇచ్చిన మాట

మార్చిలో హన్మకొండ నుంచి నాతో కశ్మీర్ వచ్చినవాళ్లకూ, వచ్చే ట్రిప్‌కు అడ్వాన్స్ కట్టినవాళ్లకూ ఒక మాట చెప్పాలి.

"అఫర్వత్ శిఖరం దాకా గ్యారంటీ" అని పాంప్లెట్‌లో వేయించింది నేనే. అలా వేయించకూడదు. గుల్‌మార్గ్ రోప్‌వేకు రెండు ఫేజ్‌లు. మొదటిది మధ్య స్టేషన్ కొంగ్‌డోరి దాకా, 1998 నుంచి ఉంది. రెండోది 2005లో వచ్చింది, అక్కడి నుంచి సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. అది కూడా శిఖరం భుజం మాత్రమే, కొస ఇంకా పైన ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా శిఖరం అనే రాశాను.

ఆ రోజు కొంగ్‌డోరిలో దిగేసరికి ఈదురుగాలి. ఆరుగురు కూర్చునే క్యాబిన్లు తీగ మీద ఊగుతుంటే రెండో ఫేజ్ ఆపేశారు. ఆపడమే సరైన పని. పరకాల నుంచి వచ్చిన పెద్దమ్మ అద్దె గమ్‌బూట్లు మంచులో కూరుకుపోతుంటే, పెద్దాయన చేయి పట్టుకుని రెండు గంటలు పైకే చూస్తూ నిలబడింది. "పైకి పోలేమా బిడ్డా?" అని మూడుసార్లు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పొద్దున్నే మన తిరుగు ప్రయాణం. ఒక్క రోజు కూడా చేతిలో ఉంచుకోకుండా ప్లాన్ వేసింది నేనే.

పైకి వెళ్లలేకపోయిన అందరికీ రెండో ఫేజ్ టికెట్ డబ్బులు నా జేబులోంచి వేశాను. డబ్బులు ఇంకా అందనివాళ్లు ఫోన్ చేయండి.

ఇకనుంచి గుల్‌మార్గ్‌లో రెండు రాత్రులు ఉంటాం. మొదటి రోజు గాలి ఎక్కువైతే రెండో రోజు ప్రయత్నిస్తాం. రెండు రోజులూ కుదరకపోతే ఆ టికెట్ డబ్బు వాపస్. ఖర్చు కొంచెం పెరుగుతుంది, దాచను. ఇంకో లాభం కూడా ఉంది. మన వరంగల్ ఎత్తు దాదాపు 300 మీటర్లే. అంత పైన గాలి పలచన, ఇక్కడితో పోలిస్తే మూడింట రెండు వంతులే అనుకోండి. ఒక రాత్రి గుల్‌మార్గ్‌లో నిద్రపోయి ఎక్కితే ఆయాసం, తలనొప్పి తగ్గుతాయి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే రండి. ఈ విషయంలో మొహమాటపడకండి.

కొత్త ప్లాన్ నచ్చనివాళ్లకు అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాను. పరకాల పెద్దమ్మకూ పెద్దాయనకూ వచ్చే ట్రిప్‌లో రెండు సీట్లు నా తరఫున ఉంచాను. వాళ్లింకా వస్తామని చెప్పలేదు.